కారు బ్రేకులకు సర్వీస్ ఎప్పుడు చేయించాలి? మీరే చూసి తేల్చుకునే పద్ధతి

"బ్రేకులకు ఎన్ని కిలోమీటర్లకోసారి సర్వీస్ చేయించాలండీ?" కారున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు కావలసింది ఒక్క అంకె. ఇరవై వేలనో, నలభై వేలనో చెప్పేస్తే పని అయిపోతుందనుకుంటారు. కానీ బ్రేకుల్లో ఒక్కో భాగానిది ఒక్కో లెక్క. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండువైపులా ఒత్తి బండిని ఆపే ప్యాడ్లను మందం చూసి మార్చాలి. బ్రేక్ ఆయిల్‌ను తేదీ చూసి మార్చాలి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరగడానికి ఉండే పిన్నులు కారు నడిచినా నడవకపోయినా దుమ్ముకూ తడికీ బిగుసుకుపోతాయి. అన్నిటికీ కలిపి ఒకే అంకె పెట్టుకుంటే కొందరు బాగున్న ప్యాడ్లు తీసి పారేస్తారు, ఇంకొందరు ఇనుము ఇనుముకు రాసుకునేదాకా నడుపుతారు. ఈ రెండోది ప్రాణాల మీదికి తెచ్చే పని.

అందుకే ముందు గడువులు చెబుతాను. ఆ తర్వాత మీ కారు ఏ స్థితిలో ఉందో మీరే ఎలా చూసుకోవాలో చెబుతాను.

గడువులు

- బ్రేకుల తనిఖీ: 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. ఎక్కువగా ట్రాఫిక్‌లో ఆగుతూ నడిపేవాళ్లు, ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్లు, నిండా బరువుతో నడిపేవాళ్లు ఆరు నెలలకోసారి చూసుకోవాలి.
- క్లీనింగ్, కాలిపర్ పిన్నులకు గ్రీజు: ఏడాదికోసారి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగేవాళ్లు ఇంకా ముందే చేయించాలి.
- బ్రేక్ ఆయిల్: చాలా కార్లకు రెండేళ్లు. కారు షెడ్డులోనే ఉన్నా ఈ గడువు మారదు.
- ప్యాడ్లు: డిస్కుకు రాసుకుని అరిగే పొర, అంటే రాపిడి పదార్థం, 3 మి.మీ.కి వచ్చాక ఆగకూడదు. 2 మి.మీ. దగ్గర ఉంటే వాయిదా మాటే వద్దు.
- డిస్కులు: వాటి మీదే చెక్కి ఉన్న కనీస మందం కంటే తగ్గితే మార్చాలి.

మీ కారు మాన్యువల్‌లో వేరే గడువు ఉంటే దాన్నే పాటించండి.

కావలసినవి

టార్చిలైటు, జాకీ, వీల్ స్పానర్, జాకీ స్టాండు, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు, చిన్న స్కేలు (మందం కొలిచే పరికరం వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మంచిది), గ్లౌజులు, మాస్కు, ఒక నోట్‌బుక్. చక్రం విప్పే ధైర్యం లేకపోతే టార్చి, నోట్‌బుక్ చాలు. అయిదో మెట్టు వదిలేసి మిగతావి చేయండి, కొలతలు మాత్రం మెకానిక్ చేత తీయించండి.

1. ముందు వినండి

ఖాళీగా ఉన్న రోడ్డు మీద అద్దాలు దించి, పాటలు ఆపి, నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకు తొక్కండి.

తొక్కినప్పుడల్లా సన్నగా కీచుమని వస్తుంటే, ప్యాడ్‌కు ఉండే చిన్న రేకు డిస్కుకు తగులుతోందేమో చూడాలి. ప్యాడ్ అరిగిందని చెప్పడానికే ఆ రేకు పెడతారు. గరగరమని బండశబ్దం వస్తే ప్యాడ్ మొత్తం అయిపోయి వెనకున్న ఇనుప ప్లేటు డిస్కును కోస్తున్నట్టు. అప్పుడిక పరీక్షలు ఆపి బండి పక్కన పెట్టేయండి.

స్టీరింగ్ ఒక పక్కకు లాగితే ఒకవైపు కాలిపర్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. టైర్లలో గాలి తేడా ఉన్నా లాగుతుంది కాబట్టి ముందు గాలి చూసుకోండి. పెడల్ కాలికింద దడదడమని కొట్టుకుంటే డిస్కు మందం ఎక్కడికక్కడ తేడాగా ఉండొచ్చు.

రెండు విషయాలకు టెన్షన్ పడక్కర్లేదు. రాత్రి వాన పడ్డాక పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గీర శబ్దం డిస్కు మీది పల్చటి తుప్పుది, అది వెంటనే పోతుంది. ఒక్కసారిగా గట్టిగా తొక్కినప్పుడు పెడల్ అదిరితే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేయడం. అప్పుడు కాలు తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కి ఉంచాలి.

2. బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి

బానెట్ ఎత్తితే చాలా కార్లలో డ్రైవర్ వైపు, వెనకగా, కాస్త పారదర్శకంగా ఉండే చిన్న డబ్బా కనిపిస్తుంది. దాని మీద కనిష్ఠం, గరిష్ఠం గీతలుంటాయి. కారు సమతలంగా ఉన్నప్పుడు ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. మూత తీయకుండా బయటి నుంచే చూడండి. ఊరికే మూత తీస్తే గాలిలోని తేమ లోపలికి పోతుంది.

మట్టం కొద్దిగా తగ్గితే చాలామంది వెంటనే ఆయిల్ కొని పోసేస్తారు. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ లోపలి పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది కాబట్టి మట్టం నెమ్మదిగా తగ్గడం సహజమే. అంటే మట్టం తగ్గడం ప్యాడ్లు చూడమని చెప్పే గుర్తు. పైన పోసి నింపేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి నొక్కితే ఆ ఎక్కువైన ఆయిల్ పొంగి కారుతుంది, పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది కూడా. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం తగ్గితే, లేదా కొద్ది రోజుల్లోనే బాగా పడిపోతే ఎక్కడో లీక్ ఉన్నట్టే.

తప్పనిసరిగా పోయాల్సి వస్తే మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతివి. డాట్ 5 పూర్తిగా వేరు, అది సిలికాన్ ఆయిల్. పేరులో 5 ఉంది కదా అని దీన్ని వాటితో కలిపితే బ్రేకులు చెడతాయి. ఇంజిన్ ఆయిల్‌గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్‌గానీ చుక్క పడ్డా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

రెండేళ్ల గడువు ఎందుకో ఒక్క ముక్కలో చెబుతాను. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలు. పొడవాటి ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ నేల దాకా దిగుతుంది గానీ బండి ఆగదు. మామూలు రోడ్డు మీద ఈ లోపం అసలు బయటపడదు. బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా అని ఆయిల్ మార్చనివాళ్లకు ఇది తెలిసేది సరిగ్గా కొండ దిగేటప్పుడే.

3. పెడల్ పరీక్ష

ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బ్రేక్ బూస్టర్‌నో (మన కాలి బలాన్ని పెంచే భాగం), దానికి వెళ్లే గొట్టాన్నో చూపించాలి.

ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను గట్టిగా తొక్కి ముప్పై సెకన్లు పట్టుకోండి. ఒకచోట నిలబడితే సరే. మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే లీక్ ఉండొచ్చు, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయి ఉండొచ్చు. పెడల్ మెత్తగా ఉండి, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడుతుంటే లైనులో గాలి చేరి ఉండొచ్చు. వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో షూల (డ్రమ్ లోపల ప్యాడ్ల పని చేసేవి) సర్దుబాటు వదులైనా ఇలాగే ఉంటుంది.

4. చక్రం విప్పకుండా చూడండి

అల్లాయ్ చక్రాలైతే సందుల్లోంచి టార్చి వేస్తే డిస్కు, దాన్ని పట్టుకున్న కాలిపర్, ప్యాడ్ అంచు కనిపిస్తాయి. కారు నడిపి వచ్చిన వెంటనే చేయి పెట్టకండి, డిస్కు చర్మం ఊడేంత వేడిగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ప్యాడ్ మందంలో వెనకున్న ఇనుప ప్లేటును కూడా కలిపి కొలవడం. ఆ ప్లేటే 5 మి.మీ. అటూఇటూ ఉంటుంది. దాన్ని కలిపితే 2 మి.మీ. మిగిలిన ప్యాడ్ 7 మి.మీ. ఉన్నట్టు కనిపిస్తుంది. ప్లేటుకూ డిస్కుకూ మధ్య ఉన్న రాపిడి పదార్థాన్ని మాత్రమే లెక్కపెట్టండి.

రెండో సంగతి, బయటి నుంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. లోపలి ప్యాడ్ దానికంటే ఎక్కువగా అరిగి ఉండొచ్చు. పిన్నులు బిగుసుకున్న కార్లలో బయటిది సగం ఉండగానే లోపలిది పూర్తిగా అయిపోతుంది. అందుకే ఏడాదికోసారైనా చక్రం విప్పి చూడాల్సిందే.

5. చక్రం విప్పి కొలవండి

సమతలమైన గట్టి నేల మీద కారు పెట్టండి. ముందు చక్రం ఎత్తుతుంటే హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాత జాకీతో లేపి, జాకీ స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి చేయిగానీ తలగానీ పెట్టవద్దు.

లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ కొలవండి. కొత్త ప్యాడ్ చాలా కార్లకు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. రెండింటి మధ్య 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే పిన్నుగానీ పిస్టన్‌గానీ పట్టేసిందని అనుమానించాలి. ఆ లోపం సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అలాగే అరిగిపోతాయి.

డిస్కు అంచు మీదో, మధ్య భాగం మీదో కనీస మందం మి.మీ.లో చెక్కి ఉంటుంది. డిస్కు అంచున అరగని మెట్టు మిగిలిపోతుంది కాబట్టి అక్కడ కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. ప్యాడ్ రాసుకునే చోటే కొలవాలి. సన్నటి గీతలు మామూలే. గోరుతో రాస్తే గోరు పట్టుకునేంత లోతైన గాడులు, నెర్రెలు, నీలంగా మారిన మచ్చలు ఉంటే మెకానిక్‌కు చూపించండి.

బ్రేక్ దుమ్మును నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదకండి. మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తడిపి తుడవండి.

వెనక డ్రమ్ బ్రేకులుంటే, అనుభవం లేకుండా డ్రమ్ విప్పమని నేను చెప్పను. లోపలి స్ప్రింగులు ఎగిరి తగులుతాయి, తిరిగి బిగించడమూ కష్టం. చక్రం లోపలి వైపు ఆయిల్ తడి ఉందా అని మాత్రం చూడండి. తడి ఉంటే షూలను నెట్టే వీల్ సిలిండర్ లీకవుతోందేమోనని విప్పి చూపించాలి, ఆయిల్ అంటిన షూలు తుడిచి వాడేవి కావు.

6. గొట్టాలు

కాలిపర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని కొద్దిగా వంచి చూడండి. పగుళ్లు, ఉబ్బు, తడి ఏది కనిపించినా మార్చాలి. దీనికి మరో మాట లేదు.

7. హ్యాండ్‌బ్రేక్

కొద్దిపాటి ఏటవాలులో, ముందు ఎవరూ ఏదీ లేనప్పుడు, కాలి బ్రేకు తొక్కి ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మెల్లగా కాలు తీయండి. బండి కదలకూడదు. లివర్ మామూలుకంటే ఎక్కువ పైకి వస్తుంటే సర్దుబాటు అవసరం.

8. వేడి పోల్చండి

పదిహేను నిమిషాలు మామూలుగా నడిపి, చివర్లో బ్రేకు తక్కువ వాడి ఆపండి. ప్రతి చక్రం దగ్గరికి చేయి తీసుకెళ్లి, తాకకుండా, వేడి చూడండి. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే. పోల్చాల్సింది కుడివైపుతో ఎడమవైపును. ఒకటి బాగా సెగ కొడుతుంటే, కాలిన వాసన వస్తుంటే అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదు. మైలేజీ ఉన్నట్టుండి తగ్గిందని బాధపడేవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయాలి.

9. రాసుకోండి, లెక్క వేయండి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. తేదీ, ఓడోమీటర్ అంకె, ఒక్కో ప్యాడ్ మందం రాయండి. రెండోసారి కొలిచాక మీ కారుకు మీరు నడిపే తీరులో ప్యాడ్ ఎంత వేగంగా అరుగుతుందో మీ చేతిలో ఉంటుంది.

ఉదాహరణకు కొత్త ప్యాడ్ 11 మి.మీ. ఉందనుకుందాం. 20,000 కి.మీ. దగ్గర కొలిస్తే 7 మి.మీ. వచ్చింది. అంటే 4 మి.మీ. అరగడానికి 20,000 కి.మీ. పట్టింది, ఒక్కో మి.మీ.కి 5,000. ఇంకా 3 మి.మీ.కి రావడానికి మరో 20,000 కి.మీ. ఉంది. ఇప్పుడు ఎవరైనా "ప్యాడ్లు అయిపోయాయి, ఇవాళే మార్చాలి" అంటే మీరు కొలత చూపించమని అడగగలరు.

తర్వాతి తనిఖీ 10,000 కి.మీ. తర్వాత కదా. ఆ లోపు 2 మి.మీ. అరుగుతుంది. కాబట్టి ఈరోజు కొలతలో 5 మి.మీ. కంటే తక్కువ ఉంటే, వచ్చే తనిఖీకి 3 మి.మీ. కిందికి పోతుంది. అయితే ఇప్పుడే మార్చేయాలి, లేదా మధ్యలో ఒకసారి అదనంగా చూసుకోవాలి. లెక్కకంటే వేగంగా అరిగినట్టు తేలితే ఏదైనా పట్టేసిందేమో చూడాలి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్లకు

మీ కారు వేగం తగ్గేటప్పుడు చాలావరకు మోటారే బ్రేకు పని చేస్తుంది కాబట్టి ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. అందుకని బ్రేకుల సంగతే మరిచిపోకండి. వాడకం లేకపోవడం వల్ల డిస్కుల మీద తుప్పు మందంగా పేరుతుంది, పిన్నులు బిగుసుకుంటాయి. మీకు ప్యాడ్ల ఖర్చు తక్కువ, ఏడాదికోసారి క్లీనింగ్ మాత్రం మామూలు కార్లకంటే ముఖ్యం. ఆయిల్ గడువు మీ మాన్యువల్‌లో చూసుకోండి, అది కూడా తేదీ లెక్కే.

గ్యారేజీలో అడగాల్సినవి

"బ్రేక్ సర్వీస్" అన్న పేరుతో ఒకచోట ప్యాడ్లకు ఉప్పుకాగితం రుద్ది పంపిస్తారు, మరోచోట కాలిపర్ విప్పి పూర్తిగా శుభ్రం చేస్తారు. పేరు ఒకటే. అందుకే పని మొదలుపెట్టకముందే అడగండి: కాలిపర్ పిన్నులు బయటికి తీసి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజు పెడతారా? నాలుగు చక్రాల కొలతలు రాసిస్తారా? ఆయిల్ మార్చేటప్పుడు డబ్బాలోది తీసి పోయడమేనా, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ (లైనులోని పాత ఆయిల్‌ను, గాలిని బయటికి తోయడం) చేస్తారా? డబ్బాలోది మాత్రమే మారిస్తే కాలిపర్ల దగ్గరున్న పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది.

ప్యాడ్లు ఎప్పుడూ జతగానే మార్చాలి, ముందు రెండు చక్రాలకూ లేదా వెనక రెండు చక్రాలకూ. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. పిస్టన్‌ను బలవంతంగా నొక్కితే ఆ బ్రేకును నడిపే మోటారు పాడవొచ్చు.

పని అయ్యాక ఇలా సరిచూసుకోండి

ప్యాడ్లు మార్చాక మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా దిగిపోవచ్చు, పిస్టన్‌ను వెనక్కి నొక్కి ఉంటారు కాబట్టి. బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోయి గేరు వేసి గోడకు గుద్దినవాళ్లున్నారు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10 దాకా మోస్తరుగా బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు చేయండి. ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదురుకుంటాయి. ప్యాడ్ల పెట్టె మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే చేయండి. మొదటి 200 కి.మీ. వరకూ అవసరమైతే తప్ప గట్టిగా తొక్కవద్దు. ఇక చక్రం నట్లు, 50 నుంచి 100 కి.మీ. నడిచాక, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు మళ్లీ ఒకసారి సరిచూడండి.

ఇవి కనిపిస్తే నడపకండి

పెడల్ నేలకు తగులుతున్నా, బ్రేక్ ఆయిల్ నేల మీద కారుతున్నా, బ్రేకు వేసినప్పుడు ఇనుము కోసుకుంటున్న శబ్దం వస్తున్నా, హ్యాండ్‌బ్రేక్ దించాక కూడా డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి బ్రేక్ లైటు ఆరకపోయినా గ్యారేజీ దగ్గరేగా అని నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లవద్దు. టో చేయించండి, లేదంటే మెకానిక్‌నే మీ దగ్గరికి పిలిపించండి.